నత్తిని ఎవరి చెవితో కొలిచారు?

హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారం ఇంచుమించు రెండు కిలోమీటర్లు. డిగ్రీ చదివే రోజుల్లో ఆ దూరం ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. బస్సులు లేక కాదు, చేతిలో చిల్లర లేక కాదు. కండక్టర్ వచ్చి "ఎక్కడికి?" అంటే "నాచారం" అనడం నావల్ల అయ్యేది కాదు. 'న' దగ్గర నాలుక పైపళ్ళ వెనక అతుక్కుపోయేది. వెనక జనం, ముందు కండక్టర్ చూపు, పక్క సీట్లో ఆవిడ జాలి. ఆ క్షణంలో నోటికి దొరికే ఊరు హబ్సిగూడ. 'హ' గాలి అక్షరం. ఊపిరి వదిలితే చాలు, మాట దాని వెంట వచ్చేస్తుంది. అలా హబ్సిగూడకి టికెట్ తీసుకుని, అక్కడ దిగి, ఎండలోనో వానలోనో నడిచి ఇల్లు చేరేదాన్ని. అమ్మ "బస్సు దొరకలేదా?" అంటే "ఊఁ" అనేదాన్ని. ఆ "ఊఁ"లో నత్తి లేదు.

కొన్నేళ్ళకి, ఉద్యోగాల ఇంటర్వ్యూలు మొదలయ్యాక, ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక పేరా చదవమంది. నా పరిశోధన గురించి చెప్పమంది. చెప్పాను. అరగంట తర్వాత కాగితం మీద అంకెలు కూడి, ఒక మాట రాసి, నాకు ధైర్యం కలిగేలా నవ్వింది. ఆ మాట "స్వల్పం".

ఆవిడ మంచి మనిషి, పని తెలిసిన మనిషి. తప్పు ఆవిడది కాదు. ఆవిడ విన్నది విన్నట్టే లెక్కపెట్టింది. కానీ ఆ అరగంటలో నేను "నవల" అనాల్సిన చోటల్లా "కథ" అన్నాను. "నాయిక" అనాల్సిన చోట "స్త్రీ పాత్ర" అన్నాను. "నిజానికి" అని మొదలుపెట్టాల్సిన వాక్యాన్ని "అసలు" అని మొదలుపెట్టాను. నాకు పదసంపద ఎక్కువని మా గైడుగారు నలుగురిలో మెచ్చుకునేవారు. ఒక్కో మాటకి నాలుగేసి పర్యాయపదాలు సిద్ధంగా ఉంచుకోవడం నాకు సాహిత్యం మీద ప్రేమ పుట్టకముందే మొదలైన అలవాటు. భయం నేర్పిన అమరకోశం అది. కాగితం మీద "స్వల్పం" చూసినప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండు కిలోమీటర్ల నడక ఏ గడిలో పడుతుంది?

ఆ ప్రశ్న పట్టుకునే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నేను వైద్యం చదవలేదు, సాహిత్యం చదివాను. కాబట్టి నిర్వచనాలను కూడా పాఠాల్లాగే చదువుతాను. ఎవరు చెబుతున్నారు, ఎవరి వైపు నుంచి చెబుతున్నారు, ఎవరు లేకుండా చెబుతున్నారు అని.

ఆవిడ వాడిన పద్ధతి గ్లిండన్ రైలీ అనే అమెరికన్ 1972లో ప్రచురించిన కొలమానం. 1994లో మూడో కూర్పు, 2009లో నాలుగో కూర్పు వచ్చాయి. ప్రపంచంలో చాలాచోట్ల నత్తి తీవ్రతకి ఇదే తూకంరాయి. మూడు విషయాలు చూస్తారు. నూరు అక్షరాల్లో ఎన్నింటి దగ్గర మాట తడబడింది అనేది మొదటిది. అన్నిటికంటే ఎక్కువసేపు మాట పట్టేసిన మూడు సందర్భాలు తీసుకుని వాటి సగటు నిడివి రెండోది. మాటతోపాటు శరీరం పడే పాట్లు మూడోది: వింత చప్పుళ్ళు, ముఖం వంకర్లు పోవడం, తల కదలడం, చేతులూ కాళ్ళూ కదలడం. ఈ నాలుగింటికీ సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. అన్నీ కూడితే అతిస్వల్పం, స్వల్పం, మధ్యమం, తీవ్రం, అతితీవ్రం అనే ఐదు గదుల్లో ఒక గది.

ఇలా ఎందుకు కొలిచారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1964లో మార్సెల్ వింగేట్ నత్తికి ఒక ప్రామాణిక నిర్వచనం ప్రతిపాదించాడు. అప్పటిదాకా ఎవరి సిద్ధాంతాన్ని బట్టి వాళ్ళు నిర్వచించుకునేవారు. మానసిక సంఘర్షణ అని కొందరు, మెదడులో కుడిఎడమల తగువు అని కొందరు, తల్లి పెంపకం అని మరికొందరు. వింగేట్ ఆ గొడవలన్నీ పక్కనపెట్టి, బయటికి వినిపించేదీ కనిపించేదీ ఏమిటో అదే చెబుదామన్నాడు. అక్షరాలూ ధ్వనులూ తిరిగి తిరిగి రావడం, సాగడం. ఇద్దరు వేర్వేరు మనుషులు విని ఒకే లెక్క చెప్పగలగాలి కదా, లేకపోతే శాస్త్రం ఎలా అవుతుంది? చికిత్సకి ముందు ఎంత, తర్వాత ఎంత అని చూడడానికి కూడా లెక్క కావాలి. "నత్తి మాయం" అని గోడల మీద రాయించుకునేవాళ్ళని "ఏదీ, ఎంత తగ్గించావో చూపించు" అని నిలదీయడానికైనా కావాలి. అందుకని కొలతను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. నా ఇబ్బంది ఒక్కటే. ఈ నిర్వచనంలో మాట్లాడే మనిషి ఎక్కడుంది? ఆమె ధ్వనిగా ఉంది. వినేవాడే మనిషి.

ఇంగ్లీషు కోసం కుట్టిన చొక్కా తెలుగుకి తొడిగితే ఇంకో చిక్కు. ఇంగ్లీషులో పొట్టి మాటలెక్కువ. మనం "వెళ్ళిపోయాననుకుంటున్నారేమో" అని ఒక్క మాటలో వాక్యమంతా చెప్పేస్తాం. అందులో తడబడేది 'వె' ఒక్కటే. ఆ గండం దాటితే మిగతా పదీ జారిపోతాయి. అక్షరాల లెక్కన అది పదకొండుకొకటి. మాటల లెక్కన ఒకటికొకటి. పైగా మన వాక్యంలో పదాల వరస అటూ ఇటూ జరపొచ్చు. కర్తను చివరికి తోసేయొచ్చు, అసలు కర్తే లేకుండా "వస్తాను" అనొచ్చు. దాక్కోవడానికి తెలుగులో చాలా మూలలున్నాయి. దాక్కోవడానికి వీల్లేనివి పేర్లే. ఊరి పేరు, మనిషి పేరు, అన్నిటికీ మించి తన పేరు.

వింగేట్‌కి ముందు కథలోకి వెళ్ళాలి. అది అయోవా కథ. చదివిన ప్రతిసారీ నన్ను కలవరపెట్టే కథ.

వెండెల్ జాన్సన్ తనే నత్తివాడు. 1926లో అయోవా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ ట్రావిస్, ఆర్టన్‌ల సిద్ధాంతం నడుస్తోంది. మెదడులో రెండు సగాలూ ఆధిపత్యం కోసం పోటీపడటం వల్ల నత్తి వస్తుందనేవారు. జాన్సన్ దానితో తృప్తిపడక మెల్లగా ఇంకో వాదం తయారుచేశాడు. చిన్నపిల్లలందరూ తడబడతారు, పెద్దవాళ్ళు దాన్ని "నత్తి" అని ముద్రవేయడం వల్లనే అది నత్తిగా మారుతుంది అని. పిల్ల నోట్లో కాదు, తల్లిదండ్రుల చెవిలో మొదలవుతుంది అన్నది దాని సారం. తల్లిదండ్రుల చెవి అంటే ఆచరణలో తల్లి చెవే. పిల్లల దగ్గర కూర్చునేది ఎవరు? ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు నత్తి ఉన్న పిల్లల తల్లులు తమ పెంపకం గురించి సంజాయిషీ ఇచ్చుకుంటూ బతికారు.

ఈ వాదానికి దగ్గరి ఆలోచనతో 1939 జనవరి నుంచి మే దాకా జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. డావెన్‌పోర్ట్‌లోని సైనికుల, నావికుల అనాథాశ్రమంలో 22 మంది పిల్లలు. నత్తి లేకుండా మామూలుగా మాట్లాడే ఆరుగురిని తీసుకుని, "మీకు నత్తి మొదలవుతోంది, జాగ్రత్త, సరిగ్గా చెప్పలేకపోతే మాట్లాడకండి" అని పదే పదే చెప్పింది. వాళ్ళకి కొత్తగా నత్తి వచ్చిందా లేదా అని ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ వాళ్ళు మాట్లాడటం తగ్గించేశారు, బిడియపడ్డారు, కుంచించుకుపోయారు. ఆ సిద్ధాంత గ్రంథం ఏ పత్రికలోనూ రాకుండా లైబ్రరీలో ఉండిపోయింది. 2001లో కాలిఫోర్నియాలోని ఒక దినపత్రిక దాన్ని బయటపెట్టింది. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం ఆ పిల్లల పక్షాన వేసిన దావాలో 9 లక్షల 25 వేల డాలర్లకి రాజీపడింది.

ఇందులో నేను ఎవరివైపు చూడాలో తెలియదు. ట్యూడర్ ప్రయోగం అయిపోయాక కూడా ఆ ఆశ్రమానికి తిరిగివెళ్ళింది, చేసింది సరిదిద్దడానికి. గైడు ఆలోచనను చేతులతో అమలుచేసిన ఆడపిల్ల ఆమె. పిహెచ్.డి. చేసిన మనలో చాలామందికి ఆ సంబంధం కొత్తేమీ కాదు. కానీ ఆ పిల్లల పక్కన అమ్మానాన్నలు లేరు. "మా అమ్మాయితో ఇలా ఎందుకు మాట్లాడుతున్నారు?" అని అడిగేవాళ్ళు లేరు కాబట్టే వాళ్ళని ఎంచుకోవడం వీలైంది. ఈ కథ చెప్పేవాళ్ళంతా "నత్తి వచ్చిందా" అని అడుగుతారు. పిల్లలు మాట్లాడటం మానేశారన్నది ఆ తర్వాతి వాక్యంలో వస్తుంది. మాట్లాడటం మానేసిన పిల్లకి నూటికి ఎన్ని అక్షరాలు తడబడ్డాయి? సున్నా.

(ఇదే జాన్సన్ 1944లో, అమెరికాలోని కొన్ని ఆదివాసీ తెగల్లో నత్తికి మాటే లేదనీ, అందుకే అక్కడ నత్తి లేదనీ రాశాడు. ముద్ర లేకపోతే జబ్బు లేదని చెప్పడానికి అది గొప్ప ఉదాహరణ అయి కూర్చుంది. ఆ బానక్, షోషోనీ భాషల్లో దానికి చాలా మాటలే ఉన్నాయని 1983లో ఇంకొందరు వెళ్ళి చూసి రాశారు. మనల్ని అడగకుండా మన గురించి రాయడం ఎంత పాత అలవాటో!)

మన దగ్గర మాటలకి కొదవలేదు. నత్తి, నంగి, తడబాటు, మాట తొట్రుపాటు. నత్తోడు, నత్తిది అనే పిలుపులు. పిల్లలకి మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకి రాయడం మా ఇంట్లోనూ ఉంది. నాకూ రాశారట. గలగలా మాట్లాడే పిల్లని "వస పోశారా ఏమిటి" అంటారు, వసపిట్ట అంటారు. గమనించండి, అందులో ముద్దూ ఉంది, మందలింపూ ఉంది. ఆడపిల్లకి మాట రావాలి, ఎక్కువ రాకూడదు. ఈ రెండింటి మధ్య ఎంత మాట ఉండాలో తూచేది ఎప్పుడూ పక్కవాళ్ళే. మా మేనమామ కొడుక్కి నత్తి ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు ఉందని పెళ్ళయ్యేదాకా మా నాన్నకి కూడా పూర్తిగా తెలియదు. "మా పిల్ల నెమ్మదస్తురాలు" అనేవాడు గర్వంగా.

నత్తి స్త్రీలలో తక్కువ, ఇది అందరూ ఒప్పుకునే మాట. పెద్దవాళ్ళలో నలుగురు మగవాళ్ళకి ఒక ఆడమనిషి అని సాధారణంగా చెబుతారు. నత్తి మొదలయ్యే రెండు నుంచి ఐదేళ్ళ వయసులో తేడా ఇంత ఉండదు. ఆడపిల్లల్లో ఎక్కువమందికి దానంతట అదే పోతుందని ఇలినాయ్‌లో యాయిరీ, ఆంబ్రోస్ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి చెప్పారు. దీన్ని నేను కాదనను. అంతా పితృస్వామ్యమే అనేస్తే శరీరం అనేది ఒకటుందని మర్చిపోవడమే. 2010లో డెన్నిస్ డ్రేనా బృందం మొట్టమొదటిసారి నత్తితో సంబంధమున్న జన్యువులను గుర్తించింది. దానికి ముఖ్యమైన ఆధారం దొరికింది పాకిస్తాన్ కుటుంబాల్లో. మెదడులో మాటను నడిపే దారుల్లో తేడాలున్నాయని కూడా ఇప్పుడు తెలుసు. ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి. గేటు ముందునుంచి రోజూ బస్సులో వెళ్తూ, నా తప్పు నా పిరికితనమేననుకున్న పిల్లకి ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బావుండేదో.

కానీ ఆ నలుగురికొకరు లెక్కలో కూడా ఎవరిని లెక్కించారు అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. 1952లోనే డగ్లస్, క్వారింగ్టన్ ఇద్దరూ నత్తిని బయటికి కనిపించేదీ, లోపలికి వెళ్ళిపోయినదీ అని రెండుగా విడదీశారు. లోపలికి వెళ్ళిన నత్తి ఉన్న మనిషి మాట మార్చుకుంటుంది, దగ్గు తెచ్చుకుంటుంది, మర్చిపోయినట్టు నటిస్తుంది, ఫోన్ ఎత్తదు. తను మామూలు మనిషినని ఎదుటివాళ్ళని నమ్మించడమే పూర్తికాలపు ఉద్యోగంగా బతుకుతుంది. 1970లో జోసెఫ్ షీహన్ (ఆయనకీ నత్తే) దీన్ని నీళ్ళలో తేలే మంచుకొండతో పోల్చాడు. పైకి కనిపించేది కొంచెం, కింద సిగ్గు, భయం, అపరాధభావం. 1990లో విలియం పెర్కిన్స్ ఇంకో అడుగు ముందుకేసి, నత్తి అంటే మాట మీద పట్టు తప్పిపోవడం, అది మాట్లాడే మనిషికే తెలుస్తుంది, వినేవాళ్ళకి కచ్చితంగా తెలియదు అన్నాడు. వింగేట్ నిర్వచనాన్ని తలకిందులు చేసినట్టే. శాస్త్రవేత్తలు ఊరుకుంటారా! అలాగైతే కొలిచేదెలా అన్నారు.

జవాబుగా కొన్ని ప్రయత్నాలు జరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వైకల్యాన్ని శరీరంలోని లోపంగా మాత్రమే కాక, మనిషి జీవితంలో పాల్గొనగలగడం, చుట్టూ ఉన్న పరిస్థితులు కూడా కలిపి చూడాలన్నది. ఆ చూపుతోనే 2006లో యారస్, క్వెసల్ నూరు ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. దానిలో చెవి లేదు, గడియారం లేదు. మాట్లాడే మనిషే రాస్తుంది: నీ మాట గురించి నువ్వేమనుకుంటావు, ఏ సందర్భంలో ఎంత కష్టం, నీ బతుకులో అది ఎంత చోటు తీసుకుంది. నేను ఇంట్లో కూర్చుని అది పూర్తిచేశాను. ఏ గదిలో పడ్డానో ఇక్కడ రాయను. స్వల్పం కాదు.

పోల్చి చూస్తే మన ప్రభుత్వాల నిర్వచనాలు ఇంకా ఆసక్తికరం. 2001 జనాభా లెక్కల్లో, చాలా దశాబ్దాల తర్వాత వైకల్యం గురించి సరిగ్గా అడిగిన లెక్కల్లో, ఇంటింటికీ తిరిగేవాళ్ళకిచ్చిన సూచన ఏమిటంటే: నత్తి ఉన్నా మాట అర్థమవుతుంటే ఆ మనిషిని మాట వైకల్యం కింద రాయవద్దు. ఎవరికి అర్థం కావాలి? మామూలు వినికిడీ గ్రహింపూ ఉన్న శ్రోతకి. ఆ లెక్క ప్రకారం దేశంలో మాట వైకల్యం ఉన్నవాళ్ళు 16 లక్షల 40 వేల మంది, అందులో స్త్రీలు దాదాపు 7 లక్షలు. మరుసటి ఏడాది 2002లో జాతీయ నమూనా సర్వే 58వ విడతలో నత్తిని కలిపారు. కలిపింది ఎలా? మాట వినేవాళ్ళకి అర్థం కాకపోవడం, చెప్పే విషయం కంటే చెప్పే తీరు మీదికి దృష్టి పోవడం, వినడానికి సొంపుగా లేకపోవడం, ఇవీ గుర్తులు. సొంపు! ప్రభుత్వ గణాంకశాఖలో అలంకారశాస్త్రం ఎప్పుడు చేరిందో నాకు తెలియదుగానీ, సాహిత్య విద్యార్థిగా ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. స్త్రీ గొంతు సొంపుగా ఉందా లేదా అన్నది ఎవరు తేల్చారో, ఎన్ని పెళ్ళిచూపుల్లో తేల్చారో మనకి వేరే చెప్పాలా?

1995 వికలాంగుల చట్టంలో మాట వైకల్యానికి చోటే లేదు. 2016 చట్టం మాట, భాష వైకల్యాన్ని చేర్చింది. కానీ దాని నిర్వచనంలో ఉన్న ఉదాహరణలు స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం. శాశ్వతంగా ఉండాలి, శరీరంలోనో నాడీవ్యవస్థలోనో కారణం ఉండాలి. నత్తి పేరు లేదు. నత్తికి మూలం మెదడులో లేదని ఇవాళ ఎవరు గట్టిగా చెప్పగలరు? సర్టిఫికెట్ నాకు కావాలని కాదు. ఒక ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నేను మొదటి వాక్యం పూర్తిచేయకముందే గడియారం చూసుకుని, "పిల్లలకి పాఠం ఎలా చెబుతారమ్మా?" అన్నాడు. అక్కడ నాకు కావలసింది ఐదు నిమిషాలు. స్వల్పం అని రాసిన కాగితం చూపించి ఐదు నిమిషాలు అడగలేను.

ఇంత చదివాక, ఇంత కోపం పోగేసుకున్నాక, నేను చేసిన పని ఒకటి బయటపడింది.

నా పిహెచ్.డి. శ్రామిక స్త్రీల కథల మీద. ఆ కథలకి పక్కన పెట్టడానికి నాచారం, మల్లాపూర్ కార్ఖానాల్లో పనిచేసిన ఆడవాళ్ళని కొందరిని కలిసి వాళ్ళ జీవితాలు రికార్డు చేశాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మాలాంటివాళ్ళకి ఇచ్చిన ధైర్యం అది. వెళ్ళు, అడుగు, విను, రాసుకో. గొంతు విప్పమనడం మన ఉద్యమం నాకు నేర్పిన మొదటి పాఠం. విప్పితే గొంతు తడబడుతూ వస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఆడవాళ్ళలో ఒకామె మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో పాతికేళ్ళు చేసింది. అరవై దాటినావిడ, నేను పెద్దమ్మా అంటాను. నాచారంలో రెండు గదుల ఇల్లు. గంటన్నర మాట్లాడింది. నా సిద్ధాంత గ్రంథంలో ఆమె మాటలు నాలుగు పేజీలున్నాయి. చక్కగా, ధారగా, ఎక్కడా ఆగకుండా. పోయినేడు ఇంకో పనికోసం ఆ రికార్డింగ్ మళ్ళీ విన్నాను. మొదటి రెండు నిమిషాల్లోనే రికార్డర్ ఆపేశాను. ఆమెకి నత్తి ఉంది. నాకంటే ఎక్కువగా ఉంది. మాట పట్టేసినచోట ఆమె గాజులు మంచం పట్టెకి కొట్టుకోవడం కూడా వినిపిస్తోంది. అదంతా నేను వింటూ, నా చేత్తో తుడిచేశాను. "సాఫు రాత" అనుకుని చేశాను. చదివేవాళ్ళ సౌకర్యం కోసం. ఆమె గౌరవం కోసం అని కూడా అనుకున్నట్టు గుర్తు. ఒక నత్తి మనిషి ఇంకో నత్తి మనిషి మాట వింటూ ఎదురుగా కూర్చుని, ఇంటికొచ్చి దాన్ని సొంపుగా మార్చి రాసింది. నమూనా సర్వేవాళ్ళని ఏమనగలను?

ఆ గంటన్నరలో ఆమె చెప్పిన ఒక సంగతి నేను గ్రంథంలో వాడలేదు, శ్రమకి సంబంధం లేదని. పెళ్ళయి అత్తగారింటికి వచ్చినప్పుడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి, మొగుని పేరు చెప్తేనే లోపలికి రానిస్తామన్నారట. ఆమెకి ఆ పేరులో మొదటి అక్షరం రాదు. నిలబడింది. చెమటలు పట్టాయి. ఎంతసేపో. అందరూ నవ్వారు, "అబ్బ, ఎంత సిగ్గో" అన్నారు. ఆ తర్వాత ఆమెని మంచి కోడలన్నారు, మాట బయటపడని పిల్ల అన్నారు. అత్తగారింట్లో నత్తి సంగతి మొదటి బిడ్డ పుట్టి, పేరు పెట్టి పిలవాల్సివచ్చేదాకా ఎవరికీ తెలియదట. కంపెనీలో ఎక్కడ పేరు చెప్పాల్సివచ్చినా ముందే కార్డు తీసి చేతిలో పెట్టేదట. నా హబ్సిగూడ, ఆమె కార్డు.

అదే గడప దగ్గర పెళ్ళికొడుకు నత్తివాడైతే, అతని మౌనాన్ని సిగ్గని ఎవరూ అనుకోరు. కనిపెట్టేస్తారు, ఎగతాళి చేస్తారు. మగవాడి నత్తి మన సినిమాల్లో ఎప్పటినుంచో నవ్వు పుట్టించే సరుకు. 2017లో వచ్చిన 'జై లవ కుశ'లో నత్తి వల్ల అవమానాలు పడ్డ అన్న రావణుడంతవాడవుతాడు. హాస్యమో, ప్రతినాయకత్వమో, ఏదో ఒకటి అతనికి దక్కుతుంది. నత్తి ఉన్న ఆడమనిషిని తెరమీద గుర్తుచేసుకుందామని చాలాసేపు ప్రయత్నించి ఊరుకున్నాను. ఆమెకి మౌనం అనే మర్యాదైన చీర ముందే కట్టేశారు.

మళ్ళీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు నేను ఉండేది ఉప్పల్లో. మెట్రోలో తిరిగితే యంత్రం తెరమీద స్టేషన్ పేరు వేలితో తాకితే చాలు, నోరు తెరవనక్కర్లేదు. కానీ నాచారానికి మెట్రో లేదు. బస్సే. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో మనకి బస్సు ఉచితం కదా, ఇంకేం అడుగుతారులే అనుకున్నాను మొదట్లో. సున్నా టికెట్ కొట్టడానికి కూడా ఊరి పేరు కావాలి. "ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్. ఆ రోజు నేను నాచారం అన్నాను. నాలుగైదు సెకన్లు పట్టింది. ఆయన మిషన్ వైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే.

పెద్దమ్మకి ఉన్న విషయం చెప్పాను. నీ మాటలు ఆగకుండా వచ్చినట్టు రాశాను, తప్పయింది, నువ్వు ఒప్పుకుంటే వచ్చినవి వచ్చినట్టు మళ్ళీ రాస్తాను అన్నాను. నాకూ ఉందని చెప్పాను. ఆమె నవ్వింది. "నీకున్నదని గప్పుడే ఎర్కైంది బిడ్డా. నువ్వు నన్ను పేరువెట్టి అడగకుంట 'ఇంకా, ఇంకా' అన్నవు గద" అంది. (ఇక్కడ ఆమె మాట ఆగినచోట్లు నేను రాయలేదు. ఆమె ఇంకా సరే అనలేదు కాబట్టి.) తర్వాత కాసేపు ఆలోచించి, "రాస్కో. గని సినిమాల లెక్క రాయకు" అంది.

అది చాలా కష్టమైన షరతు. మన లిపిలో తిరిగి తిరిగి వచ్చే మాటకి "క క క" అని రాయొచ్చు, అది సినిమా. సాగే ధ్వనికి పొల్లు హల్లులు వరసగా పెట్టొచ్చు. గొంతు పూర్తిగా మూసుకుపోయి, ఏ చప్పుడూ లేకుండా ఆగిపోయిన చోటుకి ఏం పెట్టాలి? మూడు చుక్కలు పెడితే ఆలోచిస్తున్నట్టుంటుంది. గీత పెడితే మాట తెగిపోయినట్టుంటుంది. చివరికి ఆగినచోట ఖాళీ వదిలి, పక్కన ఎన్ని సెకన్లో అంకె వేశాను. రైలీ గడియారమే, ఇంకో పనికి. గాజుల చప్పుడు వినిపించినచోట "గాజులు" అని రాశాను.

నాలుగు పేజీలు పదకొండు పేజీలయ్యాయి. తీసుకెళ్ళి ఆమెకి చదివి వినిపించాను. నా నత్తీ ఆమె నత్తీ కలిసి చాలాసేపే పట్టింది. మధ్యలో మనవరాలు టీ తెచ్చింది. ఆమె చివరిదాకా విని, ఒకే ఒక్కచోట ఆపమంది. తన పెద్దకొడుకు చిన్నప్పుడు పోయిన సంగతి చెప్పేచోట నేను "9 సెకన్లు" అని వేశాను.

"గది తీసెయ్యి," అంది. "ఆడ నాకు మాట పట్టలె. ఊకున్న."